భోగరాజు పట్టాభి సీతారామయ్య

భోగరాజు పట్టాభి సీతారామయ్య (1880 నవంబరు 24 – 1959 డిసెంబరు 17) స్వాతంత్ర్య సమరయోధుడు, వైద్యుడు, రచయిత, ఆంధ్రా బ్యాంకు వ్యవస్థాపకుడు. భారత జాతీయ కాంగ్రెసు అధ్యక్షునిగా, మధ్య ప్రదేశ్ గవర్నరుగా పనిచేశాడు. సుభాష్ చంద్ర బోసు చేతిలో ఓడిన అభ్యర్థిగానే చరిత్ర పుస్తకాలలో ఈయన పేరు ఎక్కువగా కనిపిస్తుంది. బందరు వంటి చిన్న పట్టణంలో ఉంటూ ఆయన నెలకొల్పిన ఆర్థిక సంస్థల ప్రసక్తి వాటిలో తక్కువ.

బాల్యము, విద్య

పట్టాభి నేటి ఏలూరు జిల్లాకు చెందిన గుండుగొలను గ్రామంలో ఒక పేద నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయాడు. కుటుంబానికి ఆస్తిపాస్తులు లేకపోయినా తల్లి గంగమ్మ పిల్లల చదువు ఆగనీయలేదు. ఏలూరులోను, బందరు నోబుల్ కళాశాలలోను చదివిన తరువాత ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. పూర్తిచేశాడు. అటుపిమ్మట వైద్యవిద్యలో ఎం.బి.సి.ఎం. పట్టా పొంది బందరులో వైద్యవృత్తి ప్రారంభించాడు.

అప్పటి బందరు వైభవం కోల్పోయిన రేవు పట్టణం. ఒకనాడు డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు పోటీపడి వర్తకం చేసిన ఈ ఊరిని 1864 తుఫాను ఉప్పెనలో ముంచెత్తింది. దాదాపు 30,000 మంది మరణించారు. ఆ దెబ్బ నుండి ఊరు పూర్తిగా తేరుకోలేదు. అయినా ఇరవయ్యవ శతాబ్దారంభంలో ఆంధ్రదేశపు రాజకీయ చైతన్యానికి ఇదే కేంద్రమయ్యింది. కృష్ణా పత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావులతో కలిసి పట్టాభి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనలో పాలుపంచుకున్నాడు. క్రమంగా ప్రజాజీవితం వైద్యాన్ని వెనుకకు నెట్టింది. బాగా సాగుతున్న వృత్తిని ఆయన వదులుకున్నాడు. 1919లో జన్మభూమి అనే ఆంగ్ల వారపత్రికను ప్రారంభించాడు.

బ్యాంకు స్థాపన

కృష్ణా డెల్టాలో ఆనకట్ట వచ్చిన తరువాత పంటలు పుష్కలంగా పండేవి. కాని విత్తనాలకు, ఎరువులకు, పెళ్ళిళ్ళకు రైతు వడ్డీ వ్యాపారి గడపే తొక్కవలసి వచ్చేది. పండిన ధాన్యంలో మంచి భాగం వడ్డీకే పోయేది. పెద్ద బ్యాంకులు మద్రాసులో ఉండేవి, అవి పెద్ద వర్తకులకే అందుబాటులో ఉండేవి. పైగా 1906లో మద్రాసులోని ఆర్బత్నాట్ కంపెనీ దివాలా తీయడంతో దక్షిణాదిలో వేలాదిమంది దాచుకున్న సొమ్ము పోయింది. ఒక బ్యాంకును నమ్మి డబ్బు దాచుకొమ్మని చెప్పాలంటే ఈ భయాన్ని కూడా జయించవలసి ఉండేది.

పట్టాభి మొదట సహకారోద్యమంలో అడుగుపెట్టి 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనకు కృషిచేశాడు. తరువాత ఆంధ్రా బ్యాంకును స్థాపించాడు. ఈ బ్యాంకు 1923 నవంబరు 20న నమోదై, నవంబరు 28న బందరులో వ్యాపారం ప్రారంభించింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు కాగా, చెల్లించిన మూలధనం ఒక లక్ష మాత్రమే. ఈ లక్ష రూపాయలతో మొదలైన సంస్థ తరువాత ఊరూరా శాఖలు విస్తరించింది. ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ (1925), భారత లక్ష్మీ బ్యాంకు (1929), హిందూస్తాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీ (1935) కూడా ఆయన స్థాపించినవే. స్వరాజ్యం కావాలంటే దేశీయుల సొమ్ము దేశీయుల చేతిలో ఉండాలన్న ఆలోచన వీటన్నిటికీ మూలం. ఆయనకు బ్యాంకు, ఉద్యమం వేర్వేరు పనులు కావు.

స్వాతంత్ర్యోద్యమం

1930 ఉప్పు సత్యాగ్రహంలో పట్టాభి వాలంటీర్లను వెంటబెట్టుకొని బందరు సముద్రతీరానికి వెళ్ళి ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించి జైలుపాలయ్యాడు. తరువాత మరికొన్నిసార్లు శిక్ష అనుభవించాడు. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవాల సందర్భంగా ఆంగ్లంలో ఆయన రచించిన బృహత్తర కాంగ్రెసు చరిత్ర ప్రచురితమైంది.

1939 జనవరిలో త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఎన్నిక జరిగింది. మౌలానా అబుల్ కలాం ఆజాద్ పోటీనుండి తప్పుకోవడంతో గాంధీజీ మద్దతుతో పట్టాభి బరిలో నిలిచాడు. సుభాష్ చంద్ర బోసుకు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377 ఓట్లు వచ్చాయి. ఈ ఓటమిని గాంధీజీ తన ఓటమిగానే ప్రకటించడంతో అది దేశమంతటా చర్చనీయాంశమైంది. నిజానికి ఆ పోటీ ఇద్దరు వ్యక్తుల నడుమ జరిగినది కాదు, కాంగ్రెసులోని రెండు మార్గాల నడుమ జరిగినది. ఏప్రిల్‌లో బోసు రాజీనామా చేశాడు.

1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం వెలువడిన వెంటనే కాంగ్రెసు కార్యవర్గంతో పాటు పట్టాభిని అరెస్టు చేసి అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధించారు. నెహ్రూ, పటేల్, ఆజాద్ అక్కడ ఆయన సహచరులు. సుమారు మూడేళ్ళ నిర్బంధంలో ఆయన రాసుకున్న దినచర్య తరువాత ఫెదర్స్ అండ్ స్టోన్స్ పేరుతో పుస్తకంగా వెలువడింది.

ఆంధ్ర రాష్ట్ర సమస్య

ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న వాదాన్ని తొలినుండి బలపరిచినవారిలో పట్టాభి ముఖ్యుడు. ప్రభుత్వం అంగీకరించకముందే, కాంగ్రెసు 1918 నాటికి ఆంధ్రను ప్రత్యేక విభాగంగా గుర్తించడం వెనుక ఆయన కృషి ఉంది. 1948లో పురుషోత్తమదాస్ టండన్‌ను ఓడించి ఆయన కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు. జైపూరు సమావేశంలో నెహ్రూ, వల్లభభాయి, పట్టాభిలతో ఏర్పడిన జె.వి.పి. కమిటీ 1949 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. భాషారాష్ట్రాలను వాయిదా వేయాలని చెబుతూనే, మద్రాసు నగరంపై పట్టు వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రాన్ని పరిశీలించవచ్చునని అది పేర్కొన్నది. జీవితమంతా ఆంధ్రకోసం పోరాడిన వ్యక్తి ఈ షరతుపై సంతకం చేయడం చాలామంది ఆంధ్రులకు మింగుడుపడలేదు. చివరకు 1952లో పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరువాత, 1953 అక్టోబరు 1న, మద్రాసు లేకుండానే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది.

చివరి దశ

రాజ్యాంగ సభ సభ్యునిగా కూడా పనిచేసిన పట్టాభి 1952 నుండి 1957 వరకు మధ్య ప్రదేశ్ గవర్నరుగా ఉన్నాడు. 1956 నవంబరులో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగి రాజధాని నాగపూరు నుండి భోపాలుకు మారింది ఆయన హయాంలోనే. 1959 డిసెంబరు 17న మరణించాడు.

ఆయన స్థాపించిన భీమా సంస్థల జీవిత భీమా వ్యాపారం 1956 జాతీయీకరణలో ప్రభుత్వపరమైంది. భారత లక్ష్మీ బ్యాంకు 1960వ దశకంలో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 1980 ఏప్రిల్ 15న జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యింది.