తల్లి తాకట్టు పెట్టిన పట్టుచీర

మేము నివసించు ఎల్లారెడ్డిపేటకు సిరిసిల్ల సమీపమున నున్నది. ఆ పట్టణమున సాంచల చప్పుడు వినరాని వీథి యరుదు. అనేక కుటుంబములవా రచట బట్ట నేసి బ్రదుకుచున్నారు. ఇట్టి ప్రదేశమున నుండియు, బట్టకై మనము వెచ్చించు ధనమును గూర్చి తగినంత విచారించుట లేదు. వకీలు వృత్తిలో నుండుటచే మా కనేక ఋణపత్రములను జూడవలసివచ్చును. వానిలో పెండ్లిబట్టలకును, వేడుకలకును జేసిన యప్పులు తరచుగా గానవచ్చును. అప్పు చేసినవారు చదువు రానివారు కారు; ఉద్యోగస్థులు, భూవసతి గలవారు. బట్ట చినిగిపోవును గాని బాకీ తీరదు. ఈ సంగతిని గూర్చి యుపన్యసించుటకంటె, మా వృత్తిలోనివారే యగు నొక మహనీయుని జీవితమును జెప్పుట మేలని తలచి, టంగుటూరి ప్రకాశము పంతులుగారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన వినోదరాయునిపాలెమను గ్రామమున జన్మించిరి. ఆ ప్రాంతము నేడు వారి పేరనే ప్రకాశము జిల్లాగా బిలువబడుచున్నది. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి సుబ్బమ్మగారు. పంతులుగారికి పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. ఆస్తి లేదు, ఆదుకొనువారు లేరు. సుబ్బమ్మగారు బిడ్డలతో ఒంగోలు చేరి పూటకూళ్ల యిల్లు నడపసాగెను. కులీన కుటుంబపు స్త్రీ పదిమందికి వండి వడ్డించి సొమ్ము పుచ్చుకొనుట ఆ కాలమున గౌరవముగా నెంచబడెడిది కాదు. ఆమె దానిని లెక్కచేయక, బిడ్డ చదువే తనకు గౌరవమని తలచెను.

పాఠశాలలో పరీక్షకు రుసుము మూడు రూపాయలు చెల్లింపవలసి వచ్చెను. ఆ మూడు రూపాయలు ఎచ్చటను దొరకలేదు. తుదకు సుబ్బమ్మగారు తన పట్టుచీరను తాకట్టు పెట్టి ఆ సొమ్ము తెచ్చి యిచ్చెను. బాలుడు పరీక్షకు గూర్చుండెను.

ఈ చిన్న సంగతియందు మాకు గొప్ప యర్థము గానవచ్చుచున్నది. ఆ చీర పూర్తిగా ఆమెది. దానిపై నెవ్వరికిని బాకీ లేదు. అందుచేతనే యది యాపదలో నక్కరకు వచ్చెను. అప్పు తెచ్చి కొన్న చీర యెంత వెలగలదైనను, ఇంటికి భారమే గాని భద్రత కాదు. మంచి బట్ట కొనుట తప్పని మే మనము. సొంత సొమ్ముతో గొని, పదిలముగా వాడుకొన్న మేలైన బట్ట యొకటి యింట నున్న, అదియు నొక చిన్న నిధియే. పేద యిల్లాలు ఎరిగిన యీ సూక్ష్మమును సంపన్నులమైన మనము మరచుచున్నాము.

తరువాత ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారను ఉపాధ్యాయుని యాదరమున పంతులుగారు రాజమహేంద్రవరము చేరి చదువు సాగించిరి. న్యాయశాస్త్రము నభ్యసించి, ఆ పట్టణముననే రెండవ తరగతి ప్లీడరుగా పేరు గాంచిరి. పురపాలక సంఘాధ్యక్షులుగను బనిచేసిరి. పెద్ద న్యాయస్థానములలో వాదించు నర్హతకై 1904లో ఇంగ్లండునకు బోయిరి. మాంసము, మద్యము, పొగాకు ముట్టనని తల్లికి మాట యిచ్చి పోయిరి. పరదేశమున యువకుని సొమ్మును హరించు మార్గములలో ఆ మాట కొన్నిటినైనను మూసివేసియుండును.

1907లో బారిష్టరై తిరిగివచ్చి చెన్నపురి హైకోర్టున వృత్తి నారంభించిరి. అచిరకాలముననే అగ్రగణ్యులలో నొకరై లక్షల నార్జించిరి. మూడు రూపాయలకు తల్లి చీర తాకట్టు పెట్టవలసివచ్చిన బాలుడు భవనములకు యజమాని యయ్యెను. 1921లో గాంధీగారి సహాయనిరాకరణోద్యమమున జేరి, ఆ వృత్తిని విడిచిరి. బారిష్టరు దుస్తులకు మారుగా ఖద్దరు ధరించిరి. ఖద్దరు ఉత్పత్తి కేంద్రమును, జాతీయ పాఠశాలను నడపిరి. ఆ సంవత్సరముననే స్వరాజ్య పత్రికను స్థాపించి, కూడబెట్టిన ధనమును దానిలో ధారపోసిరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన, సైమను సంఘమునకు ప్రతికూలముగా చెన్నపురిలో జరిగిన ప్రదర్శనమున, తుపాకులకు రొమ్ము చూపి నిలిచి ఆంధ్రకేసరి యని ప్రజలచే గొనియాడబడిరి.

బట్ట విషయమున వారి పట్టుదల పదవిలోను సడలలేదు. 1946లో చెన్నరాష్ట్ర ప్రధానియైనపుడు, చేనేతకును ఖద్దరునకును హాని కలుగునని యెంచి, క్రొత్త నూలుమిల్లుల విస్తరణకు సమ్మతింపరైరి. దానివలన విరోధులు హెచ్చిరి. 1947లో పదవి పోయెను. తాము ధరించు బట్ట ఎవ్వరి యింటికి కూడు పెట్టునను ప్రశ్నను రాజ్యాంగ విషయముగా జేసినవారిలో వా రొకరు. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యైరి. 1957 మే 20వ తేదీన హైదరాబాదున గతించిరి. అప్పటికి వారికి నిలువ ధన మేమియు మిగిలియుండలేదు. వార్ధక్యమున మిత్రులును ప్రజలును ఇచ్చినదే యాధారము.

ఇచ్చట చదువరులు మమ్ము నొక ప్రశ్న యడుగవచ్చును. లక్ష లార్జించి యేమియు మిగుల్చుకొనని వారిని ధనభద్రతకు మాదిరిగా నెట్లు చూపెదరని. ఆ యంశమున వారిని అనుకరింపుమని మేము చెప్పుట లేదు. వారి త్యాగము దేశమునకై చేసినది. అట్టి త్యాగమునకు నమస్కరింపవలసినదే. కాని గృహస్థుడు భార్యాబిడ్డలకు కొంత భాగము ముందుగా వేరుచేసి యుంచుట ధర్మమని మా నమ్మకము. అన్యుల కష్టములను దినదినము విను వృత్తిలో నుండి యీ నమ్మకమునకు వచ్చితిమి. పంతులుగారి ధనము పత్రికకును స్వాతంత్ర్యమునకును బోయినది. మన ధనము మూడు దినముల వివాహములో ఒక్కసారి కట్టి పెట్టెలో దాచు బట్టలకు బోవుచున్నది. మిగులకపోవుట రెండిటను సమానమే యైనను, ఫలము సమానము కాదు.

కావున సోదరసోదరీమణులకు మేము మనవి చేయునది స్వల్పము. సంవత్సరాదాయము చేతికి రాగానే బిడ్డల చదువునకు, వ్యాధికి, వార్ధక్యమునకు గావలసిన భాగమును మొదట తీసి భద్రపరచవలెను. బట్టల ఖర్చు మిగిలినదానిలోనే జరుగవలెను. వాయిదాలమీద గాని, వడ్డీకి దెచ్చి గాని బట్ట కొనరాదు. కొన్నది నాలుగేండ్లు మన్నునదై యుండవలెను. వీలైనపుడు మన నేతగాని చేతిబట్టనే కొనవలెను. అపుడు మన ఖర్చు ఇరుగుపొరుగున నొకని యింట పొయ్యి వెలిగించును. వివాహమున వరుని పక్షమువారు బట్టల పట్టీ పంపు ఆచారమును చదువుకొన్నవారే మొదట మానవలెను.

ఇంటికి బోయి బట్టలపెట్టె నొకమారు తెరచి చూడుడు. అందు బాకీ లేనివి యెన్ని? రేపు బిడ్డ పరీక్షకు సొమ్ము కావలసివచ్చిన, సుబ్బమ్మగారి పట్టుచీరవలె నక్కరకు వచ్చునవి యెన్ని? ఆ లెక్క వ్రాసికొన్న పిమ్మట నూతన వస్త్రములకై యంగడికి బోవుడు.