హాస్యనటీమణి మార్గరెట్ రూథర్‌ఫర్డ్

ఆంగ్ల రంగస్థలముపైనను, వెండితెరపైనను నలుబది యేండ్లపాటు ప్రజలను కడుపుబ్బ నవ్వించిన మార్గరెట్ రూథర్‌ఫర్డ్ బాల్యము మిక్కిలి విషాదకరమైనది. ఆమె 1892 మే 11వ తేదీన లండనులో జన్మించెను. అంతకు 9 ఏండ్ల పూర్వము, 1883లో, ఆమె తండ్రి విలియం బెన్ మతి చలించి కన్నతండ్రినే హతమార్చి, బ్రాడ్‌మూర్ ఉన్మాద వైద్యశాలలో నిర్బంధింపబడెను. విడుదలైన పిమ్మట బెన్ అను వంశనామమును విడిచి, రూథర్‌ఫర్డ్ అను పేరుతో జీవించెను. పసికందైన కుమార్తెతో ఆ దంపతులు మన దేశమునకు వచ్చిరి. మద్రాసులో తల్లి ఆత్మహత్య చేసికొనెను. మూడేండ్ల బాలిక ఇంగ్లండునకు మరలి, వింబుల్డనులో తల్లి సోదరి బెస్సీ యింట పెరిగెను.

తండ్రి మరణించెనని పెద్దలు ఆమెకు చెప్పిరి. ఆయన జీవించియే యున్నాడనియు, మరల బ్రాడ్‌మూరులోనే యున్నాడనియు పండ్రెండు పదమూడేండ్ల ప్రాయమున తెలిసెను. తనకును ఆ వ్యాధి వచ్చునేమోయను భీతి ఆమెను జీవితాంతము వెన్నాడెను.

పియానోయు, పఠనకళయు నేర్పు ఉపాధ్యాయినిగా ఆమె యౌవనము గడచినది. బెస్సీ మరణానంతరము కొంత సొమ్ము చేతికి రాగా, 1925లో, 33వ యేట, ఓల్డ్ విక్ నాటకశాలలో చేరెను. ఇతరులు విరమించుకొను వయస్సది! నాయిక పాత్రలకు తగిన రూపమును కాదు. లండను వెస్ట్ ఎండ్ రంగస్థలమెక్కుటకు 1933 వరకు వేచియుండవలసి వచ్చెను.

హాస్యపాత్రను హాస్యముగా నటింపకపోవుటయే ఆమె ప్రజ్ఞ. 1939లో ఆస్కార్ వైల్డ్ నాటకమున మిస్ ప్రిజమ్ పాత్ర ధరించెను. నవల వ్రాతప్రతిని పిల్లల తోపుడుబండిలోను, శిశువును చేతిసంచిలోను ఉంచి మరచిన పంతులమ్మ యామె. 1941లో నోయెల్ కవర్డ్ రచించిన ‘బ్లైత్ స్పిరిట్’లో ప్రేతాత్మలను పిలుచు మదామ్ ఆర్కాటీగా ప్రసిద్ధి కెక్కెను. ఆ స్త్రీని ఆమె వెక్కిరింపలేదు. తన విద్యను మనసార నమ్మిన మనిషిగానే చూపెను. ప్రేక్షకులు నవ్విరి, కాని చులకన చేయలేకపోయిరి. 1945లో ఆ నాటకము చలనచిత్రమైనపుడును ఆ పాత్ర ఆమెదే. ఆ యేటనే, 52 ఏండ్ల వయస్సున, నటుడు స్ట్రింగర్ డేవిస్‌ను వివాహమాడెను.

హత్యాకథలనిన ఆమెకు ఏవగింపు. కారణము ఊహింపవచ్చును. అయినను అగాథా క్రిస్టీ సృష్టించిన అపరాధ పరిశోధకురాలు మిస్ మార్పుల్‌గా 1961–64 నడుమ నాలుగు చిత్రములలో, భర్తతో కలిసి నటించెను. క్రిస్టీ 1962 నాటి తన నవల నొకదానిని ఆమెకు అంకిత మిచ్చెను. ‘ది వి.ఐ.పి.స్’ చిత్రమునకు 1964లో సహాయనటిగా ఆస్కార్ బహుమతియు, 1967లో డేమ్ బిరుదమును లభించెను.

1972 మే 22వ తేదీన ఆమె కన్నుమూసెను. మరుసటి సంవత్సరమే డేవిస్ మరణించెను. జెరార్డ్స్ క్రాస్‌లోని ఆమె సమాధిపై, ఆర్కాటీ కనిపించిన ఆ నాటకము పేరే చెక్కబడి యున్నది.