డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు

మచిలీపట్టణమును జేరియున్న చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు బేరొందినది. ఆ నగలపై బంగారము పూతమాత్రమేయని తెలిసియే జనులు వానిని గొందురు. దేశసేవయందు మాత్రము పూతను మేలిమిగా జూపువారు పెక్కండ్రు గలరు. సేవకుడు గతించిన పిదప ప్రజలకేమి నిలిచెనో విచారించుటయే దీనికి గీటురాయియని మేము తలంతుము. బందరునందు జిరకాలము పనిచేసిన పట్టాభి సీతారామయ్యగారి జీవితము నట్లు పరీక్షింతము.

వారు 1880 నవంబరు 24వ తేదీని ఏలూరు ప్రాంతపు గుండుగొలనులో జన్మించిరి. చెన్నపట్టణమున వైద్యవిద్య ముగించి, 1906లో బందరున వైద్యవృత్తి నారంభించిరి. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో గూడి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. అచట గ్రంథపాఠములతోపాటు చేతిపనులును నేర్పబడెను. 1916లో వైద్యమును విడిచి, తమ కాలమంతయు బ్రజాకార్యమునకే యొసంగిరి.

కృష్ణా డెల్టాలో గాలువనీరు పారినను, విత్తనములకును గూలికిని రైతు వడ్డీవ్యాపారి గడప ద్రొక్కవలసి వచ్చెడిది. ఒక్కని రూపాయి యొక్కనికే చాలదు. పదిమంది రూపాయలు గూడినచో బదిమందికి నక్కఱకు వచ్చును. ఈ యెఱుకతోనే వారు 1915లో గృష్ణాజిల్లా సహకార కేంద్రబ్యాంకునకును, 1923 నవంబరులో లక్షరూపాయల చెల్లింపు మూలధనముతో ఆంధ్రాబ్యాంకునకును, 1925లో ఆంధ్రా బీమాకంపెనీకిని బునాది వైచిరి. ఆంధ్రాబ్యాంకు 1980లో జాతీయము చేయబడెను. 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో లీనమయ్యెను. పేరు మాసినను, సామాన్యులు తమ సొమ్మును దామే కూడబెట్టుకొని వాడుకొనగలరను ధైర్యము మాయలేదు.

1942 మొదలు 1945 వఱకు వారు అహమ్మదునగరు కోటలో నిర్బంధమున నుండిరి. అంతకంటె గఠినమైన పరీక్ష స్వాతంత్ర్యానంతరము వచ్చెను. తెలుగువారికి బ్రత్యేకరాష్ట్రము కావలెనని యేండ్లతరబడి వాదించినవారే 1948లో గాంగ్రెసు అధ్యక్షులై, నెహ్రూ, వల్లభభాయి పటేలుగార్లతో భాషారాష్ట్రములను గూర్చిన సంఘమున గూర్చుండిరి. దేశమప్పుడే విభజనగాయముతో నుండుటచే భాషారాష్ట్రముల నిప్పటికి వాయిదా వేయుట మేలనియు, చెన్నపట్టణముపై హక్కును వదలుకొన్నచో నాంధ్రరాష్ట్రమును గూర్చి యాలోచింపవచ్చుననియు 1949లో నా సంఘము తేల్చెను. మనవారిలో బెక్కండ్రు మండిపడిరి.

మేము న్యాయవాదులము, చేపట్టిన పక్షమునకై వాదించుట మా వృత్తిధర్మము. ప్రజాసేవకునకది చాలదు, ఎదుటిపక్షపు బాధయు వాడు వినవలెను. ఐనను జాప్యమునకు మూల్యముండును. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో బ్రాణము విడిచిరి. 1953 అక్టోబరు 1న జెన్నపట్టణము లేకయే యాంధ్రరాష్ట్ర మేర్పడెను. ఆ సంఘపు దీర్పు సరియో కాదో చదువరులే యోజింతురుగాక. తనవారి మెప్పు పోవునని భయపడి స్వజనులకు జేదుమాట చెప్పజాలనివాడు మాత్రము సర్వజనహితమునకు దగడని మా నిశ్చయము.

పట్టాభిగారు 1959 డిసెంబరు 17న గతించిరి. గ్రామ సహకారసంఘపు లెక్కలను శ్రద్ధతో జూచుకొనువాడును, పదిమంది సొమ్మును దన సొమ్మువలె గాపాడువాడును వారి దారిని నడచుచున్నవాడే.