జగదీశ్ చంద్రబోసు

జగదీశ్ చంద్రబోసు 1858 నవంబరు 30న నేటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్రబోసు డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ రోజుల్లో పెద్ద ఉద్యోగులు తమ పిల్లలను ఇంగ్లీషు బడికి పంపేవారు. ఆయన మాత్రం కుమారుణ్ణి మాతృభాషలో చదువు చెప్పే బడిలో చేర్పించారు. అక్కడ జాలరి కుమారుడు, నౌకరు కుమారుడు జగదీశుని పక్కనే కూర్చునేవారు. వారు చెప్పే పక్షుల, చేపల కబుర్లు విని ఆ బాలునికి ప్రకృతిపై ఆసక్తి కలిగింది.

ఇంగ్లండులో చదువు ముగించి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకులుగా చేరారు. భారతీయుడైనందున ఆయనకు తెల్లవారికంటే తక్కువ జీతం నిర్ణయించారు. బోసు మూడేళ్లపాటు జీతం ముట్టకుండానే పాఠాలు చెప్పారు. చివరకు ప్రభుత్వం పూర్తి జీతాన్ని బకాయిలతో సహా చెల్లించింది.

గెలీనా అనేది సీసపు ఖనిజం. దాని స్ఫటికానికి లోహపు మొనను ఆనించి బోసు ఒక సాధనం తయారుచేశారు. దానిపై రేడియో తరంగాలు గాని, వెలుతురు గాని పడితే అందులోని విద్యుత్ప్రవాహం మారేది. దీనికి 1904లో అమెరికా పేటెంటు లభించింది. గెలీనా ఒక అర్ధవాహకం. నేటి సౌరఫలకాలు, కంప్యూటరు చిప్పులు అర్ధవాహకాలతోనే తయారవుతున్నాయి.

1917లో ఆయన కలకత్తాలో బోసు పరిశోధన సంస్థను స్థాపించారు. వంగభాషలోనూ విజ్ఞాన వ్యాసాలు రాశారు. 1937 నవంబరు 23న కన్నుమూశారు. ప్రపంచం మెచ్చిన ఆ శాస్త్రవేత్త తొలి అక్షరాలు దిద్దింది అమ్మభాషలోనే.