రుడాల్ఫ్ డీజిల్

మన డర్బనులో బక్కీ అని పిలుచుకొనే పికప్ బండ్లలో చాలావాటిని లాగే ఇంజనుకు ఒక మనిషి పేరుంది. రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో జర్మన్ దంపతులకు జన్మించారు; మ్యూనిక్‌లో చదువుకొన్నారు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడితోనే ఇంధనం మండాలని ఆయన సంకల్పం. 1893లో ఆగ్స్‌బర్గ్‌లో తొలి ఇంజను మండగానే ఒత్తిడి కొలిచే పరికరం పేలిపోయింది. పట్టు విడువక 1897లో విజయం సాధించారు. అంత ఒత్తిడికి ఓర్చుకోవలసి ఉన్నందున, బరువైనా, చాలా డీజిల్ బక్కీల ఇంజను బ్లాకు నేటికీ పోత ఇనుమే. అందుకే అంత మన్నిక.

1913లో అప్పులలో మునిగిన ఆయన, ఆంట్వర్ప్ నుండి ఇంగ్లండుకు ఓడలో వెళ్తూ రాత్రివేళ అదృశ్యమయ్యారు. కారణం నేటికీ తేలలేదు. కష్టంలో ఉన్నవారిని పలకరించడం మరువరాదని, ఈ కథ చెప్పినప్పుడల్లా మేము పిల్లలకు చెప్తుంటాము.