జార్జి కాడ్బరీయు అతని పనివారును

1839లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో పుట్టిన జార్జి కాడ్బరీ క్వేకరు సంఘస్థుడు. 1861లో అన్న రిచర్డుతో కలిసి, నష్టములోనున్న తండ్రి కోకో వ్యాపారమును చేపట్టెను. 1879లో పొగ నిండిన పట్టణమును విడిచి, పొలముల మధ్య బోర్న్‌విల్ కర్మాగారమును కట్టించిరి. పనివారికి ఆటస్థలములు, శనివారము ఒంటిపూట సెలవు. ఉదయమున యజమానులును పనివారును కలిసి దైవారాధన. ఇట్టిచోట గంట ఎప్పుడు కొట్టునాయని ఎదురుచూచుచు ఎవడు పనిచేయును? 1900లో ఆయన 313 ఇండ్లుగల గ్రామమునే ధర్మకర్తలకు అప్పగించెను.

అయితే ఆ కోకోను పండించిన చేతులెవరివి? పోర్చుగీసువారి సావో టోమే దీవినుండి తాము కొనుచున్నది బానిసల కష్టమని 1901లోనే సంస్థవారి చెవినిబడెను. విచారణలలో కాలము గడచి, 1909లోగాని ఆ కొనుగోలు మానలేదు. తొందరపడక విచారించుట మంచిదే గాని, ఎనిమిదేండ్లు మిక్కిలి ఎక్కువ. అదే సంవత్సరము, తమను నిందించిన పత్రికపై వేసిన వ్యాజ్యములో కాడ్బరీలే గెలిచిరి. జ్యూరీవారు ఇప్పించిన పరిహారము ఒక్క ఫార్తింగు, అనగా పెన్నీలో నాలుగవ వంతు.