కోటు గుండీలతోని పోరల ఎత్తు కొలిచినోడు

లూయిస్ హైన్ అంటే మనల శానమందికి ఎరుక ఉండదు. ఆయన తీసిన ఫోటో మాత్రం ఎప్పుడో ఒకప్పుడు మీ ఫోన్ల కనవడే ఉంటది. పొడుగ్గ పోయే దారపు కండెల వరుస, దాని పక్కపొంటి ఒక చిన్న పిల్ల, మాసిన గౌను, మనదిక్కే చూసే కండ్లు. దాని మీద ఎవరో ఒకరు పాతకాలం ఫోటో అని రాస్తరు, ఒక ఏడుపు పాట తగిలిస్తరు, వదులుతరు. ఆ పిల్లది ఏ ఊరు, కైకిలి ఎంత, ఎన్నేండ్ల సంది చేస్తుంది, ఏమీ ఉండదు. ఫోటో తీసినాయన మాత్రం ఇవన్ని రాసిపెట్టిండు. వందేండ్ల కింద ఆయన పానం మీదికి తెచ్చుకొని రాసిన రెండు లైన్లను మనం కత్తిరించి పారేస్తున్నం. నాకు గది చూస్తే కడుపుల దేవినట్టయితది. అందుకే ఈ ముచ్చట.

హైన్ పుట్టింది 1874ల, అమెరికాల విస్కాన్సిన్ రాష్ట్రం, ఓష్‌కోష్ అనే ఊర్ల. 1892ల తండ్రి ప్రమాదంల పోయిండు. పోరడు కుర్చీలు, సోఫాలు చేసే కార్ఖానల పనికి కుదిరిండు. రోజుకు 13 గంటలు, వారానికి ఆరు రోజులు, చేతికొచ్చేది 4 డాలర్లు. ఆ తర్వాత తీరొక్క పని చేసిండు, బ్యాంకుల ఊడ్చే పని కూడ. పని చేసుకుంటనే చదువుకున్నడు. ఈ సంగతి యాదిల పెట్టుకోండ్రి. ఎందుకంటే ఆయన కూలి పోరల ఫోటోలు తీసిండు గానీ, బీదోళ్లను చూసి అయ్యో అనే పెద్దింటి బిడ్డ కాదు. తెల్లారి సైరన్ మోగంగనే లేచుడు ఎట్లుంటదో ఆయనకు ఒంటికి తెలుసు.

1901ల న్యూయార్క్ పోయి ఎథికల్ కల్చర్ స్కూల్ల సారు అయిండు. భూగోళం, చెట్టూ చేమా చెప్పే సారు. ఆ బడి పెద్దసారు ఫ్రాంక్ మ్యానీ ఆయన చేతిల కెమెరా పెట్టిండు. అప్పటికి హైన్‌కు 30 ఏండ్లు దగ్గరవడుతున్నయి, కెమెరా ముట్టింది లేదు. ఇప్పుడు 18 ఏండ్లకే నాతోని ఏమైతది అని కూసునే తమ్ముళ్లను చూస్తే నాకు ఈయనే యాదికొస్తడు.

న్యూయార్క్ రేవుల ఎల్లిస్ ఐలాండ్ అని ఒక చిన్న దీవి ఉన్నది. యూరప్ నుంచి పొట్ట చేతవట్టుకొని ఓడల మీద వచ్చేటోళ్లంత ముందు అక్కడనే దిగాలె. మూటలు, ముల్లెలు, సంకల పిల్లలు. వీళ్లను చూసి ఊర్ల ఉన్నోళ్లు మొకం తిప్పుకునే రోజులవి. మూడు వందల ఏండ్ల కింద ఓడెక్కి వచ్చిన ముత్తాతలకు ఇచ్చే మర్యాదే ఇప్పుడొచ్చే బీదోళ్లకు కూడ బడి పోరలు ఇయ్యాలె అన్నది మ్యానీ ఆలోచన. 1904ల ఇద్దరు కలిసి అక్కడికి పోయిండ్రు.

అక్కడ ఫోటో తీసుడంటే ఇప్పటి లెక్క వేలు ఒత్తుడు కాదు. డబ్బా కెమెరా, మూడు కాళ్ల స్టాండు, అద్దపు పలకలు. వెలుతురు కోసం ఒక పళ్లెంల మెగ్నీషియం మందు పోసి అంటిస్తే టపాకాయ తీరుగ భగ్గుమని మండేది, గదంత పొగ. మందిల ఒకరిని పక్కకు పిలవాలె, వాళ్ల భాష మనకు రాదు, మన భాష వాళ్లకు రాదు. చేతులతోని సైగ చేసి నిలవెట్టాలె. ఆ మందు భగ్గుమన్నంక ఆ మనిషి మల్ల అట్ల నిలవడడు. అంటే ఒక్కటే దెబ్బ. ఒక తల్లి, ఆమె ఒళ్లె బిడ్డ, ఆ ఇద్దరి మొకంల దూరం నుంచి వచ్చిన అలసట, భయం, ఆశ, అన్ని ఆ ఒక్క దెబ్బల పడాలె. కొత్త మనిషితోని మాట లేకున్న నమ్మకం ఎట్ల తెచ్చుకోవాలె అన్న విద్య హైన్ అక్కడ నేర్చిండు. తర్వాత పదేండ్లు ఆయనకు అన్నం పెట్టింది గదే.

1908ల ఆయన బడి పని ఇడిసిపెట్టి జాతీయ బాలకార్మిక కమిటీల చేరిండు. 1900 జనాభా లెక్కల ప్రకారం అమెరికాల 10 నుంచి 15 ఏండ్ల లోపు పోరలు 17 లక్షల 50 వేల మంది పనిల ఉండిరి. లెక్క అయితే కాయితం మీద ఉన్నది. కానీ లెక్కకు మొకం ఉండదు కద. ఆ మొకం తెచ్చుడే హైన్ పని.

మిల్లు దర్వాజ కాడ కెమెరావట్టుకొని నేను పిల్లల ఫోటోలు తీయనీకి వచ్చిన అంటే ఎవడు రానిస్తడు? అందుకని ఆయన వేషాలు కట్టిండు. ఒక కాడ బైబిల్ అమ్మేటోడు. ఇంకో కాడ నిప్పు ప్రమాదాలు తనిఖీ చేసే అధికారి. మరో కాడ మిషన్ల ఫోటోలు తీయనీకి వచ్చిన మనిషి. మిషన్ ఎంత పెద్దగుందో తెల్వాలంటే పక్కపొంటి ఒక పిల్ల నిలవడాలె కద అని చెప్పి నిలవెట్టేది. మేస్త్రీలు కూడ మంచిదే అనుకునేటోళ్లు. అబద్ధమాడి తీసిన ఫోటోను నిజమని ఎట్ల నమ్మాలె అని కొందరు అడుగుతరు. నేనైతే ఇట్ల చూస్త: ఆయన అబద్ధం చెప్పింది దర్వాజ కాడి పహరా మనిషికి, మేస్త్రీకి. పిల్ల గురించి రాసిన కాడ అబద్ధం చెప్పలే. అక్కడ గింజంత తేడా రానియ్యలే.

గా రాసుడే అసలు సంగతి. మిల్లుల ఉన్నంతసేపు ఒక చెయ్యి కోటు జేబుల ఉండేది. జేబుల ఒక చిన్న పుస్తకం, పెన్సిలు. చూడకుంటనే లోపట లోపట రాసుకునేది. మరి ఎత్తు ఎట్ల కొలవాలె? టేపు తీస్తే దొరికిపోతడు. అందుకని తన కోటు గుండీలు నేల నుంచి ఎంతెంత ఎత్తు మీద ఉన్నయో ముందే కొలుచుకొని పెట్టుకున్నడు. పిల్ల పక్కకు వచ్చి నిలవడితే తల ఏ గుండీ కాడికి వచ్చిందో చూసేది. ఎత్తు తెలిసిపోయేది. ఎత్తు తెలిస్తే వయసు అందాజ తెలుస్తది.

వయసు కోసం ఇంత తిప్పలెందుకంటే, అందరు అబద్ధమే చెప్పేటోళ్లు. ఇంతకన్న చిన్నోళ్లను పనిల పెట్టుకోవద్దని చాలా రాష్ట్రాల్ల నియమం పేరుకైతే ఉండె. తల్లిదండ్రులు ఒకటి రెండేండ్లు ఎక్కువ జేసి చెప్పేటోళ్లు, మిల్లోడు కండ్లు మూసుకొని రాసుకునేది. మనూర్ల సగంమంది ఆధార్ కార్డుల మీద పుట్టిన తారీకు జనవరి 1 ఎట్ల పడ్డదో మనకు తెల్వనిదా? హైన్ ఇండ్లకు పోయి, వాళ్ల ఇంటి బైబిల్ల పిల్లలు పుట్టిన తారీకులు రాసుకుంటరు కద, అది కూడ అడిగి చూసేది.

1908 డిసెంబర్ల నార్త్ కరోలినా రాష్ట్రం విట్‌నెల్ అనే కాడ ఒక దారపు మిల్లుల తీసిన పిల్ల ఫోటో ఉన్నది. దాని కింద హైన్ రాసింది తెలుగుల చెప్తే ఇంత: ఎత్తు 51 అంగుళాలు. మిల్లుకు వచ్చి ఏడాది. అప్పుడప్పుడు రాత్రి పని కూడ. నాలుగు వరుసల కండెలు చూసుకుంటది, రోజుకు 48 సెంట్లు. నీ వయసెంత బిడ్డా అంటే కొంచెం ఆగి, యాదికి లేదన్నది. మల్ల మెల్లగ దగ్గరికి వచ్చి, పనికి వచ్చే వయసు నాకు లేదు, అయినా చేస్తున్న అని చెప్పింది. అక్కడ 50 మంది పనోళ్లల్ల ఆ పిల్లంత ఉన్నోళ్లు పది మంది.

ఈ పిల్ల పేరు ఆయనకు దొరకలే. దొరకని కాడ కూడ ఎత్తు, కైకిలి, ఊరు, నెల రాసిండు. ఇన్ని వివరాలు ఎందుకంటే, మిల్లు యజమానులు ఇదంత కల్పించింది అని కొట్టిపారేయనీకి సిద్ధంగ ఉండేటోళ్లు. మొకం చూసి జాలి పడొచ్చు, పడకపోవచ్చు. రోజుకు 48 సెంట్లు అన్న లెక్కను మాత్రం ఎవడు కాదంటడు?

1911 జనవరిల పెన్సిల్వేనియాల బొగ్గు గనుల కాడికి పోయిండు. సౌత్ పిట్స్‌టన్ అనే ఊర్ల. పైనుంచి బొగ్గు జారుతుంటే, దాని మీద వంగి కూసొని చేతులతోని రాయిని ఏరిపారేసే పని పోరలది. మొకాలు, అంగీలు, అన్నీ నల్లగ. దుమ్ము ఎంతంటే కొన్నిసార్లు ఎదురుగున్న మనిషి కనవడకపోయేది. పోరలు ఆగితే పొడిచి, తన్ని చేపిచ్చే మనిషొకడు మీద నిలవడి ఉంటడని కూడ ఆయన రాసిపెట్టిండు.

నాకు మాత్రం ఆయన సడక్ మీద తీసినయి ఎక్కువ పట్టుకుంటయి. పేపర్లు అమ్మే పోరలు, అర్ధరాత్రి తంతులు (టెలిగ్రాములు) మోసే పోరలు. 1910ల ఫిలడెల్ఫియాల ఎనిమిదేండ్ల పోరడొకడు. రెండోసారి నిమోనియా వచ్చి అప్పుడప్పుడే లేచిండు, పెద్ద వానల తడుసుకుంట పేపర్లు అమ్ముతున్నడు. అది చూస్తె వాడు ఏడుస్తలేడు. నిటారుగ నిలవడ్డడు. హైన్ కెమెరాను పిల్లల కండ్ల ఎత్తుకు దించేది, పై నుంచి వంగి చూసినట్టు తీయడు. అందుకే ఆ పోరలు మన కాళ్ల కాడ పడ్డట్టు ఉండరు, ఎదురుగ నిలవడి మనను చూస్తున్నట్టుంటరు. మోకాళ్ల మీద కూసొని ఫోటో తీసుడు మీరు కూడ ఒకపారి చేసి చూడుండ్రి, తేడా మీకే కనవడ్తది.

అట్ల సుమారు పదేండ్లు తిరిగి ఐదు వేలకు పైగా ఫోటోలు తీసిండు. అవి పోస్టర్లయినయి, పుస్తకాలయినయి, సభలల్ల తెర మీద పడ్డయి. 1916ల బాలకార్మిక చట్టం వచ్చింది. సంబురపడేలోపే 1918ల సుప్రీంకోర్టు కొట్టేసింది. మల్ల 1919ల పన్ను రూపంల ఇంకోటి తెచ్చిండ్రు, 1922ల అది కూడ పోయింది. చివరికి నిలవడింది 1938 చట్టం. ముప్పై ఏండ్లు పట్టింది. అదన్న పూర్తిగుందా అంటే లేదు, చేన్ల పనికి దాంట్ల పెద్ద మినాయింపు ఇచ్చిండ్రు. టెక్సస్‌ల పత్తి ఏరే పోరలను కూడ హైన్ 1913ల ఫోటోలు తీసిండు, అయినా చేను చట్టానికి బయటనే మిగిలింది. పత్తి కాయ అంచు గీసుకొని వేలి కొనలు ఎట్ల పగులుతయో మన దిక్కు పోరలకు ఎవరూ చెప్పే పని లేదు. మన దేశంల కూడ 2016ల చట్టం మార్చినప్పుడు బడి అయిపోయినంక ఇంటి పనికి, సొంత చేన్ల పనికి పోరలు సాయం చెయ్యొచ్చని దారి ఇడిసిండ్రు. ఏ దేశంల చూసినా పొలం కాడికి వచ్చేసరికి చట్టం ఎందుకో మెత్తవడ్తది.

ఇగ హైన్ సంగతి. మొదటి ప్రపంచయుద్ధం అప్పుడు రెడ్‌క్రాస్ తరఫున యూరప్ పోయిండు, తిరిగొచ్చి పని మనుషుల ఫోటోలు తీసిండు. 1930ల న్యూయార్క్‌ల ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కడుతుంటే దాని ఫోటోల పని దొరికింది. వయసు 56. ఇనుప దూలాల మీద పనోళ్లు ఎక్కిన కాడికల్ల ఎక్కిండు. క్రేన్‌కు ఒక బుట్ట కట్టి, అండ్ల కూసొని, గాలిల వేలాడుకుంట తీసిండు. ఆ ఫోటోలతోనే 1932ల పోరల కోసం ఒక పుస్తకం వేసిండు.

దాని తర్వాత పని లేదు. పల్లెల కరువును ఫోటోలు తీయించే సర్కారు విభాగం అప్పుడే జోరు మీదుండె. ఆ విభాగంల ఉన్నోళ్లకు దారి చూపింది ఒక తీరుగ ఈయననే. పని అడిగితే ఇయ్యలే. ఒక పెద్ద ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టుకుండు, అది రాలే. 1938ల బెరెనిస్ అబట్ అనే ఫోటోగ్రాఫర్, ఎలిజబెత్ మెకాస్‌లాండ్ అనే విమర్శకురాలు ఆయనను వెతుక్కుంట పోయి, 1939ల న్యూయార్క్‌ల పెద్ద ప్రదర్శన పెట్టించిండ్రు. పేరు మల్ల వినవడ్డది గానీ పైసలు రాలే. ఇల్లు పోయింది. ఆ ఏడు క్రిస్మస్ నాడు భార్య పోయింది. 1940 నవంబర్ 3 నాడు ఆయన పోయిండు. లక్షలమందికి బడి దారి తెరిచిన మనిషి సర్కారు సాయం మీద బతికి సచ్చిపోయిండు. ఆయన నెగెటివ్‌లు ఇస్తమంటే న్యూయార్క్‌ల మోడరన్ ఆర్ట్ మ్యూజియం కూడ వద్దన్నది. చివరికి రోచెస్టర్‌ల జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం పెట్టుకున్నది.

మొదట చెప్పిన పిల్లల తీరుగనే, 1910ల వెర్మాంట్ రాష్ట్రంల ఒక దారపు మిల్లు పిల్ల. వయసు 12 అని తనే ఒప్పుకున్నది, తోటి పిల్లలు మాత్రం పదే అన్నరట. బడి సెలవులల్ల పనికి వచ్చింది, ఇగ ఇక్కడనే ఉంట అన్నది. హైన్ పేరుతోని సహా రాసుకున్నడు. 1998ల అమెరికా సర్కారు ఆ ఫోటోను పోస్టల్ స్టాంపు మీద వేసింది. అప్పటికే ఎక్కడనో ఇంటిపేరు తప్పు పడి అదే చలామణిల ఉన్నది. ఆ తప్పు పేరు వట్టుకొని వెతికినోళ్లకు ఆ పిల్ల ఎక్కడా దొరకలే. తర్వాత ఒక రచయిత్రి పాత జనాభా లెక్కలు తిరగేస్తే అసలు పేరు దొరికింది. చూస్తే హైన్ రాసిన పేరే కరెక్టు.

ఆ పిల్ల పెద్దదయింది, మిల్లుల పనిచేసేటోన్నే పెండ్లి చేసుకున్నది, విడిపోయింది, కన్నబిడ్డ దూరమయింది, ఇంకో బిడ్డను తెచ్చుకొని పెంచింది. 90 ఏండ్లు దాటినంక 1993ల పోయింది. స్టాంపు వచ్చింది ఐదేండ్లకు. వెతుక్కుంట పోయినోళ్లు ఆ ఫోటో చేతిల పెట్టేదాక ఆమె ఇంటోళ్లకు కూడ అసొంటి ఫోటో ఒకటి ఉన్నట్టు తెల్వదు.

హైన్ బాలకార్మిక ఫోటోలు ఇప్పుడు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్ల ఐదు వేలకు పైగ ఉన్నయి, పైస ఖర్చు లేకుంట చూడొచ్చు. ఫోటో కింద ఆయన రాసింది కూడ అట్లనే ఉంటది.